లవంగ నూనె కొడితే ఆకులు మాడాయి, నల్లి మాత్రం పోలేదు

ప్రశ్న: మేం మెహిదీపట్నంలో ఉంటాం. శంకర్‌పల్లి దగ్గర 20 గుంటల్లో షేడ్‌నెట్ కింద వంగ, బెండ, మూడు చాళ్లు మిరప వేశాం. పొలానికి ఆదివారాలే వెళ్లగలం, మిగతా రోజులు ఒక కుటుంబం చూసుకుంటుంది. ఫిబ్రవరిలో కాయతొలుచు పురుగు వస్తే పక్క రైతు సలహాతో సైపర్‌మెత్రిన్ ఒకసారి కొట్టాం. మార్చి చివరికి వంగ ఆకుల మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి పొర వచ్చాయి. ఎర్రనల్లి అన్నారు. ఇక రసాయన మందులు వద్దనుకుని బేగంబజార్‌లో లవంగ నూనె కొన్నాం. లీటరు బోరు నీటికి 10 మి.లీ. చొప్పున, గిన్నెలు తోమే లిక్విడ్‌తో కలిపి ఉదయం పదకొండు గంటలకు కొట్టాం. రెండు రోజుల్లో లేత ఆకుల అంచులు మాడిపోయాయి. నల్లి తగ్గినట్టే తగ్గి వారానికి మళ్లీ వచ్చింది. మిరప ఆకులు దోనెలా పైకి ముడుచుకుంటున్నాయి, దానికీ ఇదే కొట్టవచ్చా? అసలు ఏ నూనె, ఎంత, ఎన్నిసార్లు కొట్టాలి? గంధకం కూడా కలపవచ్చా? కూరగాయలు తెలిసిన పది కుటుంబాలకు ఇస్తున్నాం కాబట్టి జాగ్రత్తగా చేయాలనుకుంటున్నాం.

జవాబు: ముందు మాడిన ఆకుల సంగతి చూద్దాం. లవంగ నూనెలో ఎక్కువ భాగం యూజినాల్ అనే ఘాటు పదార్థం. అది నల్లిని చంపుతుంది, కానీ మోతాదు మించితే ఆకు కణాల పొరలను కూడా అంతే తేలిగ్గా చీలుస్తుంది. కొన్ని దేశాల్లో సేంద్రియ రైతులు లవంగ నూనెను కలుపు మందుగా వాడతారంటే దాని ఘాటు ఎంతో అర్థమవుతుంది. లీటరుకు 10 మి.లీ. అంటే లేత ఆకు తట్టుకోలేని మోతాదు. దానికి ఎండ తోడైంది. శంకర్‌పల్లి వైపు ఏప్రిల్‌లో పదకొండు గంటలకు షేడ్‌నెట్ కింద కూడా 35 డిగ్రీలకు తగ్గదు. ఆ వేడిలో నీళ్లు ముందు ఆరిపోయి నూనె ఒక్కటే చిక్కటి చుక్కలుగా ఆకు అంచుల్లో, మొవ్వులో మిగులుతుంది. మాడింది సరిగ్గా అక్కడే.

ఇంకొకటి గమనించండి. మొదట కొట్టిన చాళ్లలో మాడుడు ఎక్కువగా ఉందా? సుగంధ నూనెల్లో చాలా వరకు నీటి మీద తేలతాయి. లవంగ, దాల్చిన చెక్క నూనెలు మాత్రం నీటికంటే బరువు కాబట్టి అడుగుకు దిగుతాయి. సరిగా కలవని లవంగ నూనె ట్యాంకు అడుగున పేరుకుంటుంది, పంపు లాగేది అడుగు నుంచే. అప్పుడు మొదటి మొక్కల మీద దాదాపు ఉత్త నూనె, చివరి మొక్కల మీద సబ్బు నీళ్లు పడతాయి. తేలే నూనె సరిగా కలవకపోతే దీనికి తిరగబడి చివరి చాళ్లు మాడతాయి. ఏ చాళ్లు మాడాయో చూస్తే తప్పు కలపడంలో జరిగిందా, మోతాదులో జరిగిందా తెలుస్తుంది. పొలమంతా ఒకేలా మాడితే తప్పు మోతాదుది, ఎండది.

నల్లి మళ్లీ ఎందుకు వచ్చిందన్నది రోజుల లెక్క. మీ వంగ మీద ఉన్నది రెండు చుక్కల నల్లి, దాన్నే ఎర్రనల్లి అంటున్నాం. మన వేసవి వేడిలో దాని గుడ్డు మూడు నాలుగు రోజుల్లో పగులుతుంది. ఆరు కాళ్ల పిల్ల పురుగు మూడుసార్లు కుబుసం విడిచి, ఎనిమిది కాళ్ల తల్లిపురుగై మళ్లీ గుడ్లు పెట్టడానికి మొత్తం ఎనిమిది రోజులకు అటూ ఇటూ పడుతుంది. ఒక్కో తల్లి దాదాపు వంద గుడ్లు పెడుతుంది. మగ పురుగు కలవకపోయినా గుడ్లు పెడుతుంది, వాటి నుంచి మగవి పుడతాయి. మీరు ఆదివారం కొట్టినప్పుడు తిరుగుతున్నవి చచ్చాయి, గుడ్లు చాలా వరకు బతికాయి. బుధ, గురువారాల్లో అవి పగిలాయి. మళ్లీ ఆదివారం మీరు వెళ్లేసరికి కొత్త తరం పెద్దదై గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంది.

పైగా ఈ నూనెలు ఆకు మీద నిలవవు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ముర్రే ఇస్మన్ బృందం టమాటా మీద రెండు చుక్కల నల్లిపై రోజ్‌మేరీ అనే సుగంధ మొక్క నూనెతో చేసిన మందును పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. గ్రీన్‌హౌస్‌లో ఒక్కసారి కొడితే నల్లి 52 శాతం తగ్గింది. మందు ప్రభావం ఒకటి రెండు రోజుల్లో పోయింది. నల్లిని తినే పరభక్షక నల్లికి మాత్రం ఆ మోతాదులో హాని జరగలేదు. ఇది చక్కటి ఫలితమే, కానీ మీరు ఎదురుచూడాల్సింది ఎంతో కూడా ఇదే చెబుతోంది. నిపుణులు తయారుచేసిన మందు, కంపెనీ మిశ్రమం, గ్రీన్‌హౌస్ వాతావరణం, ఇవన్నీ ఉన్నా ఒక్క పిచికారికి సగం తగ్గింది. ఇంట్లో కలిపిన నూనెతో ఒక్క దెబ్బకు నల్లి తుడిచిపెట్టుకుపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కాబట్టి ఏ నూనె మంచిదన్న ప్రశ్న రెండోది. మొదటి ప్రశ్న, ఆ నూనె నల్లి ఒంటికి తగిలిందా లేదా అన్నది. తగిలితే పైపొరలోంచి లోపలికి దిగి నరాల మీద పనిచేస్తుంది. పురుగుల నరాల్లో ఉండే ఆక్టోపమైన్ అనే సంకేత పదార్థం దారిని ఈ నూనెల్లోని కొన్ని పదార్థాలు చెడగొడతాయి. మనుషుల్లో ఆ పదార్థానికి అంత పని లేదు, వీటి వల్ల మనకు ముప్పు తక్కువ కావడానికి అదొక కారణం. తగలకపోతే పక్కనే ఘాటు వాసన ఉన్నా నల్లి కాసేపు దూరం జరుగుతుంది, అంతే. ఎర్రనల్లి ఉండేది ఆకు అడుగున, గూడు కింద. వంగ ఆకు అడుగున నూగు కూడా ఉంటుంది. ఆ నూగు మీద పెద్ద చుక్క పడితే అక్కడే బంతిలా నిలిచిపోతుంది, కింద ఉన్న నల్లిని తాకదు. సన్నటి తుంపర, చుక్కను పరిచే సబ్బు, అడుగు నుంచి పైకి కొట్టే నాజిల్, ఈ మూడూ నూనె ఎంపిక కంటే ముఖ్యం.

ఇప్పుడు నూనె. వంగ, బెండలకు రోజ్‌మేరీ నూనెనే మొదట చెబుతాం. నల్లి మీద దాన్ని బాగా పరిశీలించారు, ఆకును మాడ్చే గుణం లవంగ నూనె కంటే చాలా తక్కువ. ఇస్మన్ బృందమే చేసిన మరో పరిశీలనలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకే రోజ్‌మేరీ నూనె చిక్కుడు మీద, టమాటా మీద ఒకేలా పనిచేయలేదు. దానిలోని పదార్థాలను విడదీసి చూస్తే, నల్లిని సొంతంగా చంపలేనివి కూడా మిశ్రమంలో ఉంటేనే నూనెకు పూర్తి బలం వచ్చింది. అందుకే విడిగా దొరికే కర్పూరమో, మెంథాల్ పలుకులో కరిగించి వాడితే నూనె పని జరగదు. అందుకే ఎవరో టమాటాకు చెప్పిన మోతాదును మీ వంగ మీద పరీక్షించకుండా వాడకూడదు.

రోజ్‌మేరీ ఖరీదు ఎక్కువ అనిపిస్తే మూడింట ఒక వంతు పుదీనా నూనె కలపండి. ఉత్తరప్రదేశ్‌లో మెంథా సాగు విస్తారంగా ఉంది కాబట్టి అది తేలిగ్గా దొరుకుతుంది. మన దగ్గర దొరికేదాంట్లో నిమ్మగడ్డి నూనె కూడా పనికొస్తుంది, కానీ దానిలోని సిట్రాల్ లేత ఆకును కొంచెం కరుస్తుంది. లీటరుకు 2 మి.లీ. దాటొద్దు. వాము నూనెలో థైమాల్ ఎక్కువ. నల్లి మీద బలమైనదే, ఆకు మీద కూడా అంతే. మొదటిసారి వాడేవాళ్లకు దాన్ని, లవంగ, దాల్చిన చెక్క నూనెలను మేం చెప్పం. లవంగ నూనె సీసా ఇంకా మిగిలే ఉంటుంది. దాన్ని పారేయనక్కర్లేదు. రోజ్‌మేరీ మిశ్రమంలో లీటరుకు అర మి.లీ. మించకుండా కలిపి, ముందు పరీక్షించి వాడుకోండి.

కొనేటప్పుడు మోసపోయే అవకాశం ఎక్కువ. అగరుబత్తీల తయారీకి, గదిలో వాసనకు అమ్మే సెంట్లలో మొక్క నూనె ఉండకపోవచ్చు. చార్మినార్ చుట్టుపక్కల దొరికే అత్తరు వేరే నూనెలో పట్టిన సువాసన, అది దీనికి పనికిరాదు. ఆవిరి పట్టి తీసిన నూనె అని, మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ నంబరు సీసా మీద ఉండాలి. పెద్ద మొత్తంలో కొంటే, నూనెలో ఏ పదార్థం ఎంత ఉందో చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ రిపోర్టు అడగండి. ఇంట్లో రెండు చిన్న పరీక్షలు చేయవచ్చు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి నీడలో ఒక రాత్రి ఉంచండి. రోజ్‌మేరీ, పుదీనా, నిమ్మగడ్డి లాంటివి దాదాపు మరక లేకుండా ఎగిరిపోతాయి. జిడ్డు వలయం మిగిలితే వంట నూనెతో కల్తీ చేశారు. లవంగ నూనెకైతే గాజు గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేయండి, అసలైనది మునుగుతుంది. మీ సీసాను ఇప్పుడే ఇలా చూసుకోవచ్చు. గ్లాసు గాజుదే కావాలి. పల్చటి డిస్పోజబుల్ ప్లాస్టిక్ గ్లాసులను, కొలత మూతలను కొన్ని నూనెలు మెత్తబరుస్తాయి. ఈ సుగంధ నూనెల గురించి నమ్మకమైన మాట వినాలంటే బోడుప్పల్‌లో సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, సుగంధ మొక్కలు, వాటి నూనెలే వాళ్ల పని.

కలపడంలో మీకు అడ్డం వచ్చింది బోరు నీళ్లు. హైదరాబాద్ చుట్టుపక్కల బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పొటాష్ సబ్బు వాటితో కలిస్తే తెల్లటి తరకలు కడుతుంది. నూనెను పట్టుకోవాల్సిన సబ్బు నీటిలోని సున్నాన్ని పట్టుకుంటుంది, నూనె విడిపోతుంది, తరకలు నాజిల్‌లో ఇరుక్కుంటాయి. గిన్నెలు తోమే లిక్విడ్ తరకలు కట్టదు, కానీ అది ఆకు పైనున్న మైనపు పొరను కడిగేస్తుంది. మైనం పోయిన ఆకు మీద నూనె పడితే మాడుడు రెట్టింపవుతుంది. వాన నీళ్లు పట్టి ఉంచినవి ఉంటే అవి వాడండి, లేదా ఇంటి నుంచి నల్లా నీళ్లు క్యాన్లలో తీసుకెళ్లండి. బోరు నీళ్లే గతి అయితే కుంకుడు రసం మేలు. కుంకుడు నురగకు కారణమైన సపోనిన్ గట్టి నీటిలో కూడా తరకలు కట్టదు. గింజలు తీసిన 100 గ్రాముల కుంకుడు తొక్కను లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి, బట్టలో రెండుసార్లు వడకట్టండి. ఆ రసం మర్నాటికి పులుస్తుంది, అదే రోజు వాడేయాలి.

పదహారు లీటర్ల పంపుకు కొలతలు ఇవి. రోజ్‌మేరీ నూనె, లేదా దానిలో పుదీనా కలిపినది, 48 మి.లీ. అంటే లీటరుకు 3. నువ్వుల నూనె 30 మి.లీ. ఇది సుగంధ నూనెను త్వరగా ఎగిరిపోకుండా పట్టుకుంటుంది, గుడ్ల మీద పొరలా పరుచుకుని కొన్నింటిని ఊపిరాడకుండా చేస్తుంది. ద్రవ పొటాష్ సబ్బు అయితే 80 నుంచి 100 మి.లీ., కుంకుడు రసమైతే 300 మి.లీ. నుంచి మొదలుపెట్టండి. ముందు మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో రెండు నూనెలు, సబ్బు పోసి ఒక నిమిషం బాగా కుదపండి. చిక్కటి మీగడలా అవుతుంది. అందులో అర లీటరు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కుదిపితే పాలలా మారుతుంది. ఆ పాలను సగం నీళ్లు నింపిన ట్యాంకులో పోసి, పైన మిగతా నీళ్లు నింపండి. నీళ్లలో నేరుగా నూనె ఒంపి తర్వాత సబ్బు వేస్తే ఎంత కలిపినా కలవదు, చాలామంది చేసే తప్పు ఇదే.

కలిసిందో లేదో తేల్చడానికి ట్యాంకులోంచి ఒక గాజు గ్లాసుడు తీసి అరగంట పక్కన పెట్టండి. తెల్లగా, ఒకే తీరుగా ఉంటే కొట్టవచ్చు. పైన నూనె జిడ్డు మెరిసినా, అడుగున చుక్కలు కనిపించినా సబ్బు ఇంకో పావు వంతు పెంచి మళ్లీ కలపాలి. ఒకసారి మీ నీళ్లకు, మీ సబ్బుకు కొలత కుదిరిందంటే తర్వాత రోజూ ఇది చేయనక్కర్లేదు. కొడుతున్నంతసేపు ట్యాంకును మధ్యమధ్యలో కుదుపుతూ ఉండాలి. కలిపింది గంట రెండు గంటల్లో అయిపోవాలి. మర్నాటికి దాచిపెడితే నూనె విడిపోతుంది, ఎగిరిపోతుంది.

పొలమంతా కొట్టే ముందు అయిదు మొక్కల మీద కొట్టి 48 గంటలు ఆగండి. లేత ఆకు, పూత, పిందె మూడూ చూడండి. ఎక్కడా గోధుమ రంగు మచ్చ, గాజులా తడిసిన మచ్చ రాకపోతే ముందుకెళ్లండి. 3 మి.లీ.తో ఆకు బాగుండి నల్లి పెద్దగా చావకపోతే మరో అయిదు మొక్కల మీద 4, తర్వాత 5 మి.లీ. చూడండి. అయిదు దాటకండి. మీ షేడ్‌నెట్‌లో ఎక్కడైనా దోస, బీర, సొర ఉంటే వాటికి విడిగా పరీక్ష కావాలి, ఆ జాతికి నూనె త్వరగా పడదు.

ఇక కొట్టే వేళ. సాయంత్రం అయిదున్నర దాటాక, ఎండ వాలాక మొదలుపెట్టండి. అప్పటికి తేనెటీగలు కూడా వెళ్లిపోయి ఉంటాయి. ఆ రోజు ఉదయం డ్రిప్‌తో మొక్కలకు నిండుగా నీళ్లివ్వండి, వాడిన మొక్క మీద ఏ నూనె కొట్టినా మాడుతుంది. దానికి ముందు రోజు ఉదయం ఉత్త నీటిని కొంచెం ఒత్తిడితో ఆకు అడుగుకు కొట్టి గూళ్లు, దుమ్ము కడిగేయండి. గూడు ఉన్నంతకాలం చుక్క దాని మీదే ఆగిపోతుంది. ఈ కడగడం ఒక్కటే చాలా నల్లిని రాలుస్తుంది, ఖర్చు లేదు, నూనెకు దారి చేస్తుంది. వేసవిలో దీన్ని వారానికి రెండుసార్లు చేసే తోటల్లో నల్లి అంత త్వరగా ముదరదు.

సన్నటి తుంపరను గొడుగులా చిమ్మే హాలో కోన్ రకం నాజిల్ పెట్టి, మూతిని పైకి తిప్పి, పంపు గొట్టం కడ్డీని (లాన్స్) మొక్క మొదట్లోకి దించి కింది నుంచి పైకి లాగుతూ కొట్టాలి. ఆకు పైన తడిసిందని సంతృప్తి పడకూడదు. చాలు అయ్యాక అక్కడక్కడా పది ఆకులు తిప్పి చూడండి, ఈనెల పక్కన, తొడిమ దగ్గర కూడా తడి ఉండాలి. ఈ పనికి అర ఎకరానికి 125 నుంచి 150 లీటర్ల ద్రావణం పడుతుంది, అంటే తొమ్మిది పంపులకు అటూ ఇటూ. నూనె 375 నుంచి 450 మి.లీ. అవుతుంది. మూడుసార్లకు ఖర్చు లెక్కేసుకుంటే తక్కువేమీ కాదు. అందుకని పొలమంతా కొట్టే బదులు ముందు నల్లి ఎక్కడుందో చూడండి. సాధారణంగా మట్టిరోడ్డు వైపు దుమ్ము పడే చాళ్లు, నీళ్లు అందని అంచులు, నెట్ పక్కన వేడెక్కే వరుసల్లో మొదలవుతుంది. ఆ చాళ్లు, వాటి చుట్టూ రెండేసి చాళ్లు కొడితే ఖర్చు మూడో వంతుకు దిగుతుంది.

ఎన్నిసార్లు అంటే మూడు. మొదటిది ఆదివారం మీరు దగ్గరుండి కొట్టించండి. రెండోది గురువారం, అప్పటికి గుడ్లు పగిలి పిల్లలు బయట ఉంటాయి, ఇంకా గుడ్లు పెట్టే వయసు రాదు. మూడోది తర్వాతి సోమ, మంగళవారాల్లో, కుబుసం విడిచే దశలో కదలకుండా ఉండి తప్పించుకున్నవాటికి, ఆలస్యంగా పగిలినవాటికి. గురువారం పిచికారే అన్నిటికంటే విలువైనది, మీరు లేరని అది మాత్రం తప్పిపోకూడదు. పొలంలో ఉన్నవాళ్లకు నూనె, సబ్బు కొలిచి సీసాల్లో పోసి, ఒక సీసా ఒక పంపుకు అని చెప్పి రండి. వాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు ఇవ్వాలి. మొక్కల నూనె కదా అని చేత్తో కలిపితే చర్మం మండుతుంది, కంట్లో పడితే చాలా బాధ. సీసాలు పొయ్యికి దూరంగా, చల్లటి చీకటి చోట పెట్టాలి, ఈ నూనెలు మండుతాయి. పని అయ్యాక పంపును సబ్బు నీళ్లతో కడగకపోతే రబ్బరు వాషర్లు ఉబ్బి కారడం మొదలవుతుంది.

ఫలితం చూడటానికి చాటంత తెల్ల కాగితం, పదింతలు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం చాలు. కొట్టే ముందు, కొట్టిన 24 గంటల తర్వాత, పొలంలో అయిదు చోట్ల నాలుగేసి మొక్కల నుంచి మధ్య ఆకు ఒక్కొక్కటి, మొత్తం ఇరవై ఆకులు చూడండి. సూది మొనతో తాకితే కాలు కదపని నల్లి చచ్చినట్టు. అంకెలు రాసిపెట్టుకోండి. ఒక చాలుకు నూనె లేకుండా సబ్బు నీళ్లు మాత్రమే కొట్టించండి. సబ్బు కూడా నల్లిని కొంత చంపుతుంది. ఆ చాలులో తగ్గింది, నూనె కొట్టిన చాలులో తగ్గింది పక్కపక్కన పెడితే మీ డబ్బు నూనె మీద దండగవుతోందో లేదో స్పష్టంగా తెలుస్తుంది. తేడా ఏమీ లేకపోతే నూనె మానేసి సబ్బు, నీళ్లు కొనసాగించడానికి మొహమాటపడకండి.

ఆకులు తిప్పేటప్పుడు నల్లి గుంపుల మధ్య గబగబా తిరిగే, మెరిసే నల్లులు కనిపించవచ్చు. ఆవగింజ కంటే చిన్నగా ఉండే నల్లటి పెంకు పురుగులు కూడా ఉంటాయి. ఇవి మీ మనుషులు. ఆ మెరిసే రకాల్లో మన దేశంలో సహజంగా ఉండే నియోసీయులస్ లాంగిస్పినోసస్ ఎర్రనల్లి గుడ్లను కూడా తింటుంది, మీ నూనె చేయలేని పని అదే. ఫిబ్రవరిలో కొట్టిన సైపర్‌మెత్రిన్ చంపింది వీటిని. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల తర్వాత నల్లి విజృంభించడం కొత్త కాదు, శత్రువులు పోయాక నల్లికి అడ్డూ అదుపూ ఉండదు. కాయతొలుచు పురుగుకు లింగాకర్షక బుట్టలు పెట్టి, వాలిన కొమ్మలను పురుగుతో సహా తుంచి నాశనం చేయడం నల్లి వైపు నుంచి చూసినా సరైన దారి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ మిత్ర పురుగులను గుర్తించడంలో, పెంచడంలో శిక్షణలు ఇస్తుంది. మీలాగా నగరం నుంచి వచ్చి సాగు చేసేవాళ్లకు అవి బాగా ఉపయోగపడతాయి.

మిరప విషయంలో ఆగండి. మీరు రాసిన లక్షణం నల్లిది కాదు. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది పై ముడత, తామర పురుగుల పని. ఆకు కిందికి ముడుచుకుని తిరగేసిన పడవలా ఉండి, కాడ సాగి పొడవైతే అది కింద ముడత, తెల్లనల్లి పని. తెల్లనల్లి గూడు కట్టదు, భూతద్దం లేకుండా కనిపించదు, ఎర్రనల్లిని వెతికినట్టు ముదురు ఆకుల్లో వెతికితే దొరకదు, మొవ్వు ఆకుల అడుగున ఉంటుంది. మీ మిరపలో పూలు తెంపి తెల్ల కాగితం మీద దులపండి. సన్నటి, పొడుగాటి పురుగులు పరుగెత్తితే తామర పురుగులే. 2021లో తెలుగు రాష్ట్రాల మిరపను ముంచిన కొత్త రకం తామర పురుగు పూలలో దాక్కుంటుంది. అక్కడికి నూనె చుక్క చేరదు, బలవంతంగా చేరిస్తే పూత మాడుతుంది. మూడు చాళ్లకు నీలం జిగురు అట్టలు, 10,000 పీపీఎం వేప మందు లీటరుకు 2 నుంచి 3 మి.లీ., ఇదే మా సలహా.

గంధకం నూనెతో కలపకూడదు. నూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం, గంధకం చల్లిన రెండు వారాల దాకా నూనె వద్దు. నూనె గంధకాన్ని ఆకు లోపలికి తీసుకుపోతుంది, ఆకు మాడిపోతుంది. విడిగా అయితే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు నల్లి మీద ఎప్పటినుంచో వాడుతున్నదే, మంచిదే. కానీ 32 డిగ్రీలు దాటాక అది కూడా ఆకును కాలుస్తుంది, మిత్ర నల్లులను కూడా చంపుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మీకు నూనె దారే నయం. గంధకాన్ని చలికాలానికి ఉంచుకోండి. ఎవరైనా డైకోఫాల్ అనే పాత నల్లి మందు మిగిలిందని ఇస్తే తీసుకోవద్దు, దాన్ని కేంద్రం 2023లో నిషేధించింది.

పది కుటుంబాలకు ఇచ్చే కాయల గురించి. నూనె అవశేషం రెండు రోజుల్లో పోయినా వాసన కాయ మీద ఉంటుంది, రుచిలో తెలుస్తుంది. కొట్టే రోజు ఉదయం కోతకు వచ్చినవన్నీ కోసేయండి, తర్వాత మూడో రోజు నుంచి కోయండి, కడిగి ఇవ్వండి. ఏ నూనె, ఎప్పుడు కొట్టారో వాళ్లకు చెప్పండి. సేంద్రియ ధ్రువీకరణ తీసుకునే ఆలోచన ఉంటే ఈ మిశ్రమం వాడే ముందే ధ్రువీకరణ సంస్థను అడగాలి. మీ పొలానికి కలుపుకోవడం వేరు, బాగా పనిచేసిందని సీసాల్లో నింపి అమ్మడం వేరు. అమెరికాలో రోజ్‌మేరీ, లవంగ, పుదీనా, నిమ్మగడ్డి నూనెలు 1996 నుంచి రిజిస్ట్రేషన్ అక్కర్లేని జాబితాలో ఉన్నాయి. మన 1968 పురుగు మందుల చట్టం కింద మాత్రం పురుగు మందు అని చెప్పి అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కావాలి.

మూడు పిచికారుల తర్వాత కూడా కొన్ని మొక్కలు రాగి రంగుకు తిరిగి, కొన నుంచి గూడు వేలాడుతుంటే వాటి మీద ఇక నూనె పోయకండి. ఉదయం చల్లటి వేళ, గాలి లేనప్పుడు, మొక్క మీద పెద్ద పాలిథిన్ సంచి బోర్లించి మొదలు కోసి, మూతి కట్టి, చాళ్ల మధ్య ఈడ్వకుండా ఎత్తి బయటకు తీసుకెళ్లి రెండు రోజులు ఎండలో పెట్టండి. గట్ల మీద వయ్యారిభామ, పక్కన పాత బంతి మొక్కలు ఉంటే అవి కూడా తీయించండి. బంతిని మంచి చేస్తుందని చాలామంది వంగ మధ్యలో వేస్తారు, ఎండిపోయే దశలో ఉన్న బంతి మాత్రం ఎర్రనల్లికి ఇల్లు.